క్రిమ్సన్‌లో ఉన్నది మన క్రిమేనా?

ఇంగ్లీషులో ముదురు ఎరుపును క్రిమ్సన్ అంటారు. మొన్న ఇక్కడ ఒకరు "క్రిమ్సన్ మన సంస్కృతం నుంచి పోయిన మాటే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు సగమే ఒప్పుదల. మిగతా సగం ఒక ముళ్ళ పొదలో ఉంది.

స్పెయిన్ నుంచి గ్రీసు దాకా, ఎండకు మాడే రాతి గుట్టల మీద కెర్మెస్ ఓక్ పెరుగుతుంది. ఓక్ అంటే మహావృక్షం అనుకుంటాం గానీ, ఇది చాలాచోట్ల మనిషెత్తు దాటని పొద. ఆకు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, అంచుల్లో ముళ్ళు. దీని కొమ్మలకు ఒక పురుగు పడుతుంది. ఆడపురుగు కదలకుండా అంటుకుపోయి బఠాణీ గింజలా ఉబ్బుతుంది. గుడ్లు పగలకముందే వాటిని గిల్లి, ఎండబెట్టి ఎర్రరంగు తీసేవారు. గ్రీకులు వాటిని కాయలనుకుని కొక్కోస్ అన్నారు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పొదకు పెట్టిన శాస్త్రీయనామం క్వెర్కస్ కొక్సిఫెరాలోనూ ఆ 'కాయే' ఉంది!

పారసీకంలో కిర్మ్ అంటే పురుగు. దాన్నుంచి అరబ్బీ కిర్మిజ్, అక్కణ్ణుంచి ఐరోపాలో కెర్మెస్, క్రిమ్సన్, కార్మైన్. మన ఉర్దూలో ఎరుపుకున్న కిర్మిజీ అన్న మాటా ఆ ఇంటిదే. సంస్కృత కృమిజ (పురుగు నుంచి పుట్టినది) నుంచి వచ్చిందనే నిఘంటువులూ ఉన్నాయి. కానీ కృమి, కిర్మ్ అక్కచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు కావు. దగ్గరి దారి పారసీకం మీదుగానే కనిపిస్తోంది.

— మరి వెర్మిలియన్ కూడా ఇదేనాండీ?

ఆలోచన ఒకటే, ధాతువు వేరు. వెర్మిలియన్ అన్న ఎరుపు పేరుకు మూలం లాటిన్ వెర్మిక్యులస్, అంటే చిన్న పురుగు. క్రిమికీ దానికీ చుట్టరికం కలపకండి, ప్రాస ఒక్కటే కుదిరింది.

— గురువుగారూ, మన దగ్గర ఇలాంటి పురుగు లేదా?

లేకేం! మోదుగకూ రేగుకూ పట్టే లక్క పురుగు. సంస్కృత లాక్ష నుంచి లక్క, అలక్తకం నుంచి లత్తుక. పెళ్ళికూతురి పాదాలకు పెట్టిన ఆ ఎరుపు ఈ పురుగు చలవే. మన వైపు నుంచి నిజంగా వెళ్ళిన మాట కావాలంటే ఇదిగో, లాక్ష. ప్రాకృతం, హిందీల మీదుగా ఇంగ్లీషుకు చేరి లాక్ అయింది. వడ్రంగి బల్లకు పూసే షెల్లాక్‌లో ఉన్నది అదే.