క్యాప్‌స్టోన్ ప్రపోజల్ మూడుసార్లు వెనక్కి వచ్చింది, స్కోప్ ఎలా తగ్గించాలి?

ప్రశ్న (చివరి ఏడాది విద్యార్థిని)

అందరికీ నమస్కారమండీ. నలుగురం కలిసి క్యాప్‌స్టోన్, అంటే చివరి ఏడాది ప్రాజెక్టు, చేస్తున్నాం, చేతిలో రెండు సెమిస్టర్లు ఉన్నాయి. టాపిక్ "స్మార్ట్ లైబ్రరీ". సీటు బుక్ చేసుకునే యాప్, గుమ్మం దగ్గర ముఖం చూసి హాజరు వేయడం, పుస్తకాలు సూచించే మోడల్, సందేహాలు తీర్చే చాట్‌బాట్, ఇవన్నీ అందులోనే. గైడ్ మేడమ్ ప్రపోజల్‌ని మూడుసార్లు తిప్పి పంపారు. ప్రతిసారీ "స్కోప్ తగ్గించండి" అంటారే గానీ ఏది తగ్గించాలో చెప్పరు. తగ్గిస్తే "ఇంతేనా" అని మార్కులు కోస్తారేమోనని మా భయం. పది రోజుల్లో ఖాయం చెయ్యాలి. దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు (ఈ కోర్సు చాలా ఏళ్లుగా చూస్తున్న అధ్యాపకుడు)

అమ్మా, నువ్వు రాసింది ఒక ప్రాజెక్టు కాదు, నాలుగు. ఏది తగ్గించాలో మేడమ్ చెప్పకపోవడానికి కారణం ఉంది. మిగతా కోర్సుల్లో లెక్క మేము ఇస్తాం, మీరు చేస్తారు. ఇక్కడ లెక్కను కూడా మీరే పట్టుకోవాలి, ఈ కోర్సులో సగం పని అదే.

మీ నాలుగింటిలో నాకు నచ్చింది సీటు. బుక్ చెయ్యాలంటే ఏ సీటు ఖాళీగా ఉందో ముందు యాప్‌కి తెలియాలి కదా. బల్ల కింద చవకైన పీఐఆర్ సెన్సర్ బిగించారనుకో. అది పసిగట్టేది ఎదురుగా పరారుణ కిరణాల్లో వచ్చే మార్పును, అంటే కదలికను. పుస్తకంలో మునిగి కదలకుండా కూర్చున్న మనిషి దాని లెక్కలో లేనట్టే. అందరికంటే శ్రద్ధగా చదువుకుంటున్న పిల్ల సీటు మీ యాప్‌లో ఖాళీగా కనబడుతుంది. పోనీ కుర్చీకి బరువు సెన్సర్ పెడితే, బ్యాగు పడేసి వెళ్లినవాడి సీటు కూడా నిండినట్టు చూపించవచ్చు. కెమెరా పెడితే రెండూ తెలుస్తాయి, కానీ చదువుకునేవాళ్లను రోజంతా వీడియో తియ్యాలంటే వాళ్ల సమ్మతి, కాలేజీ అనుమతి ముందే తీసుకోవాలి. ఒక్క కుర్చీ దగ్గరే ఎంత ఉందో చూశావా? బ్యాగుండి మనిషి లేని సీటు ఖాళీయా, కాదా? నేనైతే ఈ ఒక్క ప్రశ్ననే ప్రాజెక్టుగా తీసుకుంటాను.

ఈ పది రోజులూ కోడ్ జోలికి పోవద్దు. ఒక్క హాల్లో ఐదు రోజులు, రోజుకు మూడు పూటలా తిరిగి, ప్రతి సీటుకూ మనిషి, బ్యాగు, ఖాళీ అని కాగితం మీద గీతలు పెట్టండి. ఆ పట్టిక ప్రపోజల్ మొదటి పేజీలో పెట్టండి. బ్యాగు సీట్లు పెద్దగా లేవని తేలినా మంచిదే, లేని సమస్య మీద రెండు సెమిస్టర్లు పోకుండా బయటపడతారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

చాలా థాంక్స్ సార్. కానీ ఇంత చిన్నదానికి ఎగ్జామినర్లు ఒప్పుకుంటారా? పక్క టీమ్ జాబితా మాకంటే పెద్దది.

జవాబు (ఎగ్జామినర్‌గా వెళ్లే ఇంజినీరు)

జాబితా పొడవుకి నేనెప్పుడూ మార్కులు వెయ్యలేదు. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ నియమాల్లో చివరి డిజైన్ ప్రాజెక్టు గురించి స్పష్టంగా ఉంది. అంతకుముందు కోర్సుల్లో నేర్చుకున్నదాని మీద అది నిలబడాలి, తగిన ప్రమాణాలు పాటించాలి, ఒకటికి మించిన పరిమితులను లెక్కలోకి తీసుకోవాలి. ఖర్చు, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, చదువుకునేవాళ్ల గోప్యత, ఇవన్నీ మీ కుర్చీ దగ్గర ఉన్నాయి. వైవాలో నేను అడిగేది "ఈ సెన్సరే ఎందుకు? వేరేది ఎందుకు వద్దనుకున్నారు?" అని. నాలుగు పనులు సగం సగం చేసిన టీమ్ అక్కడే తడబడుతుంది.

ఇంకో సంగతి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు చివరి ఏడాది థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున దాదాపు 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైమాటే. తాము వేసుకున్న అతి చెడ్డ అంచనా కూడా చాల్లేదు. మీ నాలుగు పనులకూ వేసుకున్న గడువులు ఒకసారి ఈ కళ్లతో చూడండి.

జవాబు (పోయినేడాది పూర్తి చేసిన అబ్బాయి)

అక్కా, స్కోప్ సంగతి సార్‌వాళ్లు చెప్పేశారు. నేను టీమ్ గురించి చెబుతా, మా దెబ్బంతా అక్కడే తగిలింది. మాలో ఒకతను రివ్యూలకు వచ్చేవాడు, పని మాత్రం ముట్టుకునేవాడు కాదు. స్నేహితుడు కదా అని మొహమాటపడి రెండో సెమిస్టర్ మధ్య దాకా గైడ్‌కి చెప్పలేదు. చెప్పాక ఆయన అడిగిన మొదటి మాట "ఇన్నాళ్లూ ఏం చేశారు?" మా దగ్గర జవాబు లేదు. అప్పటికి అతని భాగం మేమే రాత్రుళ్లు కూర్చుని రాస్తున్నాం.

మీరు మొదటి వారంలోనే ఎవరి పని ఏదో ఒక పేజీ రాసుకుని నలుగురూ సంతకం పెట్టండి. వరసగా రెండు వారాలు పని రాకపోతే గైడ్‌కి చెబుతామని అందులోనే ఉండాలి. అలా ఉంటే చెప్పేటప్పుడు అది చాడీ అనిపించదు. గైడ్‌ని కలిసిన ప్రతిసారీ ఏం అనుకున్నారో అదే సాయంత్రం నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. కోడ్ గిట్‌లో ఉంచండి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అదే చూపిస్తుంది.

డెమోకి మూడు వారాల ముందు కొత్తవి కలపడం ఆపెయ్యండి. మేము ముందురోజు రాత్రి మా కోడ్‌లో వాడుకున్న ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని అప్‌డేట్ చేశాం, తెల్లారేసరికి స్క్రీన్ మీద ఏమీ రాలేదు. బాగా నడిచిన రోజునే వీడియో తీసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని (తొమ్మిది రోజుల తర్వాత)

లెక్కపెట్టాం సార్. 60 సీట్ల హాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకరోజు 19 సీట్లలో బ్యాగులే ఉన్నాయి. ఉదయం మాత్రం మూడు దాటలేదు. మేడమ్ ఆ పట్టిక చూసి వెంటనే సంతకం పెట్టేశారు! ఇప్పుడు సెన్సర్లు ఎన్ని కొనాలి?

జవాబు (అధ్యాపకుడు)

చాలా సంతోషం అమ్మా. ముందు ఆరు సీట్లకే బిగించండి. కదలకుండా కూర్చున్న మనిషి ఊపిరినీ పట్టే చిన్న రాడార్ సెన్సర్లు వస్తున్నాయి, మూడింటికి అవి, మూడింటికి బరువు సెన్సర్లు పెట్టి పోల్చండి. సెన్సర్ నడుస్తున్నంతసేపూ మీలో ఒకరు అక్కడే కూర్చుని ఐదు నిమిషాలకోసారి నిజంగా ఏముందో కాగితం మీద రాయాలి. విసుగు పుట్టించే పనే, వంతులు వేసుకోండి. అది లేకపోతే మీ సెన్సర్ ఎన్నిసార్లు తప్పు చెప్పిందో ఎవరికీ చూపించలేరు.