హమదాన్ ఊలు తివాచీ: చేతి నేతేనా, బొచ్చు ఎందుకు పోయింది?

పటమట:
6×4 అడుగుల ఊలు తివాచీ. ఇరాన్‌లో హమదాన్ చుట్టుపక్కల పల్లెల్లో నేసిందని చెప్పి అమ్మారు. నిజంగా చేతి నేతేనా అని ఇంట్లోనే తేల్చుకోవడం ఎలాగండీ? ఇంకోటి, సోఫా కిందున్న మూలలో అరచేయంత మేర బొచ్చు పోయి తెల్ల దారాలు బయటపడ్డాయి. బెజవాడ ఉక్కకి కుళ్లిందా? గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో కొన్నాళ్లు ఉంచితే ఆగుతుందా?

నూలుపోగు:
ముందు తిరగేయండి. డిజైను వెనక కూడా అంతే స్పష్టంగా ఉండాలి. గుడ్డ అతికించి ఉంటే అది ముడుల నేత (చేత్తో ఒక్కో ముడీ వేసి బొచ్చు నిలిపేది) కాదు. కుచ్చులు పడుగు (నిలువు పోగుల) కొసలే అయ్యుండాలి. (పాతవాటికి మరమ్మతులో కుచ్చు కుట్టడమూ ఉంది, అదొక్కటే చూసి తేల్చకండి.)

హమదాన్ పల్లె నేతలో ముడుల వరసకీ వరసకీ మధ్య పేక (అడ్డపోగు) ఒక్కసారే దాటుతుంది. అందుకే వెనకవైపు పడుగు తెల్లచుక్కలు పోగు విడిచి పోగు కనిపిస్తాయి. అక్కడ వేసేది టర్కీ ముడి: ఊలు పోగు రెండు పడుగు పోగుల్ని చుట్టి, దాని రెండు కొసలూ వాటి మధ్యలోంచి పైకొస్తాయి. వెనక పక్కపక్కన రెండు గింజల్లా కనిపించేది ఒక్క ముడే. గింజలు లెక్కపెట్టి ముడులు రెట్టింపు చెప్పే అమ్మకందార్లు ఉంటారు, జాగ్రత్త. చదరపు అంగుళానికి 60 ముడులున్నా మీ సైజుకి మొత్తం ముడులు 2 లక్షలు దాటతాయి.

రంగులో అడ్డచారలుంటే కంగారొద్దు. ఒక అద్దకం ఊలు అయిపోయి ఇంకోటి అందుకున్న చోటది, అబ్రాష్ అంటారు.

కొత్తపేట, గుంటూరు:
కుళ్లు కాదండీ, పురుగు. చిమ్మట పిల్లపురుగు ఊలు తింటుంది, నూలు జోలికి పోదు. అందుకే తెల్ల పడుగు నిలిచింది. కుళ్లితే దీనికి తలకిందులుగా ఉంటుంది: బొచ్చు బాగానే కనిపిస్తుంది, మడిస్తే లోపల నూలు పటపటా తెగుతుంది.

మిర్చి గోదాముల్లో గడ్డకట్టే చలి ఉండదు. పురుగు నిద్రపోయి, ఇంటికొచ్చాక లేస్తుంది. పైగా ఘాటొకటి! కావాల్సింది మైనస్ 18 డిగ్రీలు, కనీసం వారం, ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి. కుదరకపోతే వారానికోసారి రెండువైపులా వాక్యూమ్ పట్టండి, తిరిగే బ్రష్ తీసేసి. దుమ్ము సంచి వెంటనే బయట పారేయండి. సోఫా అడుగు మరవొద్దు. కలరా ఉండలు మూత బిగిసిన పెట్టెలోనే పనిచేస్తాయి, హాల్లో పడేస్తే వాసన మనకే.

ఏలూరు రోడ్డు:
తడిగుడ్డ సంగతి ఎవరూ అనలేదు. రోజూ ఫినాయిల్ నీళ్లతో తుడిచేటప్పుడు అంచు తడుస్తుంది, మార్బుల్ మీద అడుగు ఆరదు. కుచ్చు మొదట్లో నూలు చివికితే ముడులు వరసలుగా ఊడతాయి. తుడిచేముందు చుట్టి పక్కన పెట్టి, నేల పూర్తిగా ఆరాకే పరవండి.

ఉతకాలనుకుంటే తడి తెల్లగుడ్డ ఎరుపు మీద నిమిషం అదమండి. రంగు అంటితే నీళ్లు పోయొద్దు. బట్టల సబ్బుపొడి అసలొద్దు, ఆ క్షారం ఊలుకి పడదు.

పడుగు నిలిచుంది కాబట్టి ఆ మూలలో మళ్లీ ముడులు వేయించొచ్చు. ఏలూరు తివాచీలదీ ముడుల నేతే, అక్కడ అడిగి చూడండి. టర్కీ ముడే వేయమనండి, బొచ్చు పాతదాని ఎత్తుకి కత్తిరించమనండి. పురుగు పూర్తిగా పోయాకే సుమా.