అప్‌డేట్: ‘మాక్‌బెత్’లో పాము ఎవరు?

షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’లో (గద్దె కోసం తన రాజు డంకన్‌ను చంపే సేనాని మాక్‌బెత్ కథ) రాజ్యకాంక్షకు పామే ముఖ్యమైన పోలికా అని నేను ఇదివరకు అడిగినప్పుడు, ఆ మాట ఎవరు ఎవరినుద్దేశించి అన్నారో అంకాల వారీగా చూడమని సూచించారు, అలాగే మళ్లీ చదివాను.

మొదటి అంకంలో అమాయకమైన పువ్వులా కనిపిస్తూ దాని కింద పామువై ఉండమని భార్య మాక్‌బెత్‌కు నూరిపోస్తుంది, అంటే అక్కడ పాము అతడే. మూడో అంకానికి వచ్చేసరికి పామును, అంటే తన గద్దెకు ఇంకా మిగిలిన ముప్పును, గాయపరిచామే గాని చంపలేదని అతడే వాపోతాడు. విందు మధ్యలో, తాను చంపించిన తోటి సేనాని బాంక్వో హత్య కబురు అందగానే, పెద్ద పాము చచ్చిందని, పారిపోయిన పిల్లకు (బాంక్వో కొడుక్కు) ఇంకా కోరలు రాలేదని లెక్క వేసుకుంటాడు. కాటు వేసినవాడికే ఇతరులు పాములుగా కనిపించడం నాకు ఇంతకుముందు తట్టనేలేదు. తన మనసు నిండా తేళ్లే ఉన్నాయని భార్యతో అనేదీ ఆ అంకంలోనే.

అసలు నా ప్రశ్నే కొంత పక్కదారి పట్టిందేమో. డంకన్ హత్యకు ముందు కాంక్షను అతడు పేరు పెట్టి చెప్పిన చోట పోలిక పాముది కాదు, గుర్రపు స్వారీది: జీను మీదికి ఎక్కబోయి, మోతాదు మించి ఎగిరి, అవతలి పక్కన పడే రౌతు. హత్య తరువాత డంకన్ గుర్రాలు సాలలు బద్దలుకొట్టుకుని వచ్చి ఒకదాన్నొకటి తిన్నాయన్న రెండో అంకపు మాటను దీనితో కలిపి చదవవచ్చునా అన్నది మాత్రం నాకింకా తేలలేదు.