ధ్రువ నక్షత్రం కనపడకపోతే స్టార్ ట్రాకర్‌ని ఉత్తరానికి సరిపెట్టేదెలా?

బెంగళూరుకు దక్షిణాన కనకపుర వైపు బండగుట్టల మీద, చుక్కల కదలికతో పాటు కెమెరాను మోటారుతో తిప్పే స్టార్ ట్రాకర్ వాడి పాలపుంత ఫోటోలు తీస్తున్నాను. దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. అక్కడ ధ్రువ నక్షత్రం సుమారు 12.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, సరిగ్గా నగరపు వెలుగులో కలిసిపోతుంది. పోలార్ స్కోప్‌లో (ధ్రువ నక్షత్రాన్ని గురిచూసే ట్రాకర్ చిన్న దుర్భిణిలో) ఏమీ దొరకదు.

లెన్స్ 85 ఎంఎం, ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600. 30 సెకన్లకు చుక్కలు గుండ్రంగానే ఉన్నాయి. 2 నిమిషాలకు 5-6 పిక్సెళ్లు సాగి బియ్యపు గింజల్లా వస్తున్నాయి. నేరుగా దక్షిణానికి వచ్చిన ధనూరాశిలో ఆ సాగుడు ఉత్తర-దక్షిణంగా ఉంది. మోటారు తేడా అయితే తూర్పు-పడమరగా ఉండాలి కదా. ఇరుసు ఎత్తు కోణం డిజిటల్ లెవెల్‌తో పెట్టాను, ట్రైపాడ్ మట్టంగానే ఉంది. కాబట్టి నా అనుమానం దిక్కు మీదే. ఫోన్ దిక్సూచి ట్రాకర్ దగ్గరికి తెస్తే 3 డిగ్రీలు తిరుగుతోంది, దూరంగా పట్టి గురిచూసినా ఫలితం మారలేదు.

ల్యాప్‌టాప్ లేకుండా, కెమెరా ఒక్కదానితో ఈ దిక్కు తేడాను అర డిగ్రీ లోపుకి తెచ్చే పద్ధతి ఏది?