టోక్యోలో సుకేమెన్ కోసం గంటసేపు లైన్లో నిలబడటం అవసరమా?

గోదారిగట్టు:
మొన్న శనివారం మా ఆవిడా నేనూ టోక్యోలో బాగా పేరున్న ఒక సుకేమెన్ (నూడుల్స్‌ని విడిగా ఇచ్చిన సూప్‌లో ముంచుకుని తినే వంటకం) షాపుకి వెళ్లాం. పదకొండుకి లైన్లో నిలబడితే కూర్చునేసరికి పన్నెండు దాటింది. తీరా చూస్తే ఒక గిన్నెలో లావుపాటి నూడుల్స్, అవీ చల్లగా, పక్కన చిన్న గిన్నెలో చిక్కటి వేడి సూప్. అయిదారుసార్లు ముంచేసరికి సూప్ కూడా చల్లారిపోయింది. బాగోలేదని అనను, కానీ రామెన్ (వేడి సూప్‌లోనే వేసిచ్చే నూడుల్స్) ప్రతి వీధిలో పది నిమిషాల్లో దొరికే ఊళ్లో దీనికి ఇంత లైనా? ఆకలి రుచెరుగదు అన్నట్టు గంట నిలబడ్డాక ఏదైనా బాగుంటుందేమో అనిపించింది. మీరేమంటారు?

నిషికసాయి వాసి:
నేను ఒప్పుకోనండీ. చల్లగా ఇవ్వడం పొరపాటు కాదు, ఆ వంటకం పద్ధతే అది. ఆ లావు నూడుల్స్ ఉడకడానికి చాలా చోట్ల పది నిమిషాల పైనే పడుతుంది, దించాక చన్నీళ్లలో బాగా కడిగితే పైనున్న జిగురు పోయి గట్టిపడతాయి. రామెన్‌లో నూడుల్స్ వేడి సూప్‌లోనే నానుతూ మెత్తబడిపోతాయి కాబట్టి గబగబా తినాలి, ఇక్కడ మొదటి ముద్ద ఎలా ఉందో చివరిదీ అలాగే ఉంటుంది. మా నాయనమ్మ చద్దన్నంలో వేడి పులుసు పోసి పెట్టేది, నాకు సుకేమెన్ తిన్న ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. ఈసారి ముందు రెండు పోగులు ఉత్తినే నమిలి చూడండి, గోధుమ వాసన తెలుస్తుంది. తర్వాత సగం వరకే ముంచండి, నూడుల్స్‌కి అంటుకున్నంతే నోట్లోకి వెళ్తుందని సూప్‌లో ఉప్పు ఎక్కువే వేస్తారు. చల్లగా వద్దనుకుంటే అత్సుమోరి అని అడగొచ్చు, చాలా షాపుల్లో వేడిగా ఇస్తారు. నాకైతే అలా నచ్చదు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఓరుగల్లు:
రుచి సంగతి సరే అన్నా, నా బాధ లైన్ గురించి. అసలు ఇది ఎక్కడ పుట్టింది? వంటగదిలో మిగిలిన నూడుల్స్‌ని పనివాళ్లు సూప్‌లో ముంచుకుని తినేవాళ్లు. అది చూసి కస్టమర్లు మాకూ పెట్టమంటే, యమగిషి కజువో అనే వంటాయన 1955లో టోక్యోలోని నకానోలో తైషోకెన్ అనే రామెన్ షాపు మెనూలో పెట్టారు, అప్పుడు ధర 40 యెన్‌లు. అంటే పనివాళ్లు కడుపు నింపుకున్న తిండి. దానికోసం చంటిపిల్లని ఎత్తుకుని గంట నిలబడలేక మేం తిరిగొచ్చేశాం. పైగా చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి ఎంత ఇబ్బంది! టోక్యోలోనే ఒసాకి అనే చోట రొకురిన్‌షా అనే సుకేమెన్ షాపులవాళ్లు తమ మొదటి షాపుని 2010లో మూసేయాల్సి వచ్చింది ఆ లైన్ల గొడవ వల్లే కదా.

నిషికసాయి వాసి:
ఇళ్లవాళ్ల ఇబ్బంది నిజమే, అక్కడ మీతో వాదించను. కానీ పనివాళ్ల తిండి అయితే విలువ తక్కువా తమ్ముడూ? యమగిషి గారు 1961లో హిగాషి ఇకెబుకురోలో సొంత షాపు పెట్టి, పని నేర్చుకోవడానికి వచ్చిన ఎంతోమందికి చేసే విధానం దాచకుండా చెప్పారు. ఆయన 2015లో పోయారు, ఆ శిష్యుల షాపులు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో లైన్ లేనివీ ఉన్నాయి. ఆయన పద్ధతిలో సూప్ పుల్లగా, తియ్యగా, కాస్త కారంగా ఉంటుంది, మన నాలుకకి అదే ముందు నచ్చుతుందని నా నమ్మకం. ఇప్పుడు ఎక్కువ చోట్ల దొరికేది పంది ఎముకలూ ఎండుచేపలూ కలిపి మరిగించిన చిక్కటి సూప్. చంటిపిల్లతో వెళ్లేవాళ్లు సెలవు రోజు మధ్యాహ్నం వెళ్లొద్దు. నేను టోక్యో స్టేషన్ కింద రొకురిన్‌షాకి పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే దారిలో వెళ్లాను, పావుగంటలో సీటు దొరికింది.

కొత్తగా వచ్చా:
మేం శాకాహారులం, మాకు ఏమైనా దొరుకుతుందా?

ఓరుగల్లు:
మామూలు సుకేమెన్ షాపుల్లో కష్టం అండీ. పైన మాంసం ముక్కలు తీసేయమన్నా సూప్ అంతా ఎముకలు, చేపలే. వీగన్ అని బోర్డు పెట్టిన రామెన్ షాపులు చూసుకోండి.

గోదారిగట్టు:
నిషికసాయి గారూ, ఒక సందేహం. చివర్లో మా పక్కాయన సూప్ గిన్నె వంటాయన చేతికిచ్చి ఏదో పోయించుకుని తాగాడు. అదేంటి?

నిషికసాయి వాసి:
అయ్యో, అది తాగకుండా వచ్చేశారా! సూప్‌వారి అంటారు. మిగిలిన చిక్కటి సూప్‌లో వేడి దాషి అనే పలచటి రసం పోస్తే పలచబడి, మన చారులా తాగడానికి వీలవుతుంది. డబ్బులు కూడా తీసుకోరు.

గోదారిగట్టు:
మా ఆవిడ అడుగుదామంటే నేనే మొహమాటపడి వద్దన్నాను. అయితే వచ్చే వారం మామూలు రోజున, పొద్దున్నే ఇంకోసారి వెళ్తాం. గంట లైన్ మాత్రం ఇక నావల్ల కాదు.