పొదుగు గట్టిపడిన గొర్రెను ఉంచుకోవాలా, అమ్మేయాలా?

తాడికొండ కాపరి: నెల్లూరు గొర్రె, ఈని పన్నెండు రోజులైంది. ఎడమ పొదుగు వేడెక్కి గట్టిపడింది. పిండితే నీళ్ళలాంటి పాలలో గడ్డలు పడుతున్నాయి. వెనుక కాలు ఎడంగా వేసి నడుస్తోంది, రెండు పిల్లలనూ తన్నేస్తోంది. వైద్యం చేయించాలా, సంతకు తోలాలా?

పెదకాకాని రైతు: తోలేయండి. ముప్ఫై ఏళ్ళుగా మంద మేపుతున్నాను, గట్టిపడిన పొదుగు మళ్ళీ మెత్తబడడం చూడలేదు. మేతలో రాయో ముల్లో తగిలి ఉంటుంది.

గన్నవరం విద్యార్థి: పశువైద్యం చదువుతున్నాను. దెబ్బ దారి తెరుస్తుందేమో గాని, పొదుగును పాడుచేసేది సూక్ష్మజీవి. గొర్రెల్లో ముఖ్యంగా స్టెఫైలోకాకస్ ఆరియస్, మాన్‌హైమియా. మొదటిది చనుకట్ల చర్మం మీద, ముక్కు రంధ్రాల్లో ఉంటుంది. రెండోది పిల్లల గొంతులో ఉండి, చీకేటప్పుడు తల్లికి అంటుతుంది. మొదటి ఇంజెక్షన్‌కు ముందే పాల నమూనా తీయించండి. తర్వాత తీస్తే ఏ క్రిమో తేలకపోవచ్చు.

పెదకాకాని రైతు: పిల్లే తల్లికి రోగం అంటిస్తుందా? తరతరాలుగా చీకుతూనే ఉన్నాయి కదా!

మంగళగిరి పాడి: మా గేదెకు పొదుగు వాస్తే చనుకట్టులోకి మందు ట్యూబు ఎక్కించాం, తగ్గింది.

గన్నవరం విద్యార్థి: గేదె ట్యూబు గొర్రెకు వద్దు. చనుకట్టు రంధ్రం సన్నం, బలవంతంగా దూరిస్తే లోపల చిరుగుతుంది. కళ్ళు ఎర్రబడి, కీళ్ళు కూడా వాచితే మైకోప్లాస్మా అనే క్రిమి కావచ్చు. పెన్సిలిన్ దెబ్బతీసేది క్రిమి కణగోడనే; దీనికి ఆ గోడ లేదు, కాబట్టి అది పనిచేయదు. అందుకే పరీక్ష అంటున్నాను.

పెదకాకాని రైతు: పిల్ల గొంతులో క్రిమిని ఎవరు చూశారు? ముందు దానికి జవాబు చెప్పండి.

గన్నవరం విద్యార్థి: పిల్లల గొంతులోంచి దూదితో తీసినదీ, తల్లి పాలలో పెరిగినదీ ఒకటేనని ప్రయోగశాలలో పోల్చి చూశారు.

తెనాలి సభ్యుడు: ఫ్రాన్సులో రోక్‌ఫోర్ట్ జున్ను కోసం పెంచే లకోన్ జాతి గొర్రెల ఎంపికలో, పొదుగు వాపు ఉంటే పెరిగే పాలలోని కణాల లెక్క కూడా చూస్తారు.

పెదకాకాని రైతు: మనం జున్ను చేయడం లేదు. పిల్ల బతికితే చాలు.

ప్రత్తిపాడు పెంపకందారు: తోలేయండి అంటున్నారు, ఎవరికి? పోయిన ఏడు సంతలో నాలుగు సూడి గొర్రెలు కొన్నాను. పొదుగు తడిమి చూడాలని అప్పుడు తెలియదు. రెండింటికి ఒక సగం రాయిలా ఉందని ఈనాకే బయటపడింది. మూడు పిల్లలు ఆకలితో పోయాయి. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని ఆవుపాలు పట్టినా నిలవలేదు. మీలాంటివారు తోలిందే నా దొడ్డికి వచ్చింది.

పెదకాకాని రైతు: నన్ను దొంగనంటున్నారా? నేను కోతకే అమ్ముతాను.

గన్నవరం విద్యార్థి: సూది వేసిన ఎన్ని రోజులకు? మందు వేశాక మాంసానికి వాడకుండా ఆగాలని సీసా మీద రాసిన గడువు దాటకముందే అది మాంసం కొట్టుకు చేరితే, మందు తినేవారి కడుపులోకి పోతుంది.

పెదకాకాని రైతు: గడువు దాకా మేత ఎవరు పెడతారు? మధ్యలో చస్తే నష్టం ఎవరిది? మందుకు, బండికి పెట్టింది గొర్రె ధరలో సగం తింటుంది. నాకు క్రిములతో తగాదా లేదు. ప్రాణం ఉండగా అమ్మితేనే నాలుగు రూపాయలు చేతికి వస్తాయి.

ప్రత్తిపాడు పెంపకందారు: ఆ మాట మొదటే అనవలసింది. మీ నష్టాన్ని నా దొడ్డిలోకి తోలారు.

తాడికొండ కాపరి: అయ్యా, పొద్దున వేడిగా ఉన్న పొదుగు ఇప్పుడు చల్లబడింది, నీలం రంగు తిరుగుతోంది. తగ్గుతున్నట్టేనా?

గన్నవరం విద్యార్థి: కాదు. ఆ సగానికి రక్తం అందడం లేదు, కుళ్ళు మొదలైంది. గొర్రె ప్రాణానికే ముప్పు. ఇప్పుడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లలను వేరు చేసి గోరువెచ్చని పాలు పట్టమని ఇంట్లో చెప్పి బయలుదేరండి.