కష్టజీవుల బొమ్మలకు ఇన్ని రంగులు ఎందుకు?

ప్రశ్న: సిద్దిపేట పాఠకుడు

మా పట్టణంలో స్థానిక చిత్రకారుడొకరు ఏర్పాటు చేసిన ప్రదర్శనను గత శనివారం చూసి వచ్చాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతకారుడు, తెల్లవారకముందే వీధి ఊడుస్తున్న కార్మికురాలు, ఎండిన బోరు పక్కన కూలబడిన రైతు, చిలకపచ్చని ఆకుల కుప్ప ముందు బీడీలు చుడుతున్న ఆడవాళ్లు, ఇలా ప్రతి బొమ్మా మన చుట్టూ ఉన్న కష్టాన్నే చెబుతోంది. అయితే ఆ కష్టమంతా పసుపు, కుంకుమ, నీలిమందు రంగుల్లో పండుగలా వెలుగుతోంది. లోపలికి అడుగు పెట్టగానే నాకు సంతోషం కలిగింది. సంతోషించినందుకు ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఇంత రంగు బాధను పలుచన చేయదా? ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలనుకుంటున్నాను. ఇటువంటి బొమ్మలను ఎలా చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: డ్రాయింగు ఉపాధ్యాయుడు

మీ సందేహానికి సగం సమాధానం మీ జిల్లాలోనే, చేర్యాలలో ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన తరువాత గీసే నకాషీ పటాల నేపథ్యం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఇటువంటి పటాలను విప్పుతూ వారి వారి కులకథలు చెప్పేవారు. అంటే చెమటోడ్చి బతికే కులాలు తమ కథను తాము చూసుకున్నది ఈ రంగుల్లోనే. మీ ఊరివారే అయిన కాపు రాజయ్య (1925–2012) గారు ఈ నకాషీ పద్ధతినుంచే ఎంతో తీసుకుని, పల్లె బతుకునూ బతుకమ్మనూ బోనాలనూ చిత్రించారు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ల నిండైన బొట్టును, ముదురు రంగు చీరలను చూసినవారికి, రంగు సంపన్నుల సొత్తు కాదని వేరే చెప్పనక్కరలేదు.

చూసే పద్ధతి అంటారా, ముందు గది అవతలి గోడ దగ్గర నిలబడి చూడండి, తరువాత మూరెడు దూరానికి రండి. ఒకే రంగు బొమ్మలో ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో వెతకండి. మంచి చిత్రకారుడు రంగును ఊరికే రెండుసార్లు వాడడు.

జవాబు: హైదరాబాదు పాఠకుడు

మాస్టారి మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. 1943 బెంగాల్ కరువు కాలంలో చిత్తప్రసాద్ మేదినీపూర్ ప్రాంతంలో తిరిగి నల్ల సిరాతో గీసిన ఆకలి మనుషులను చూసిన తరువాత, వారికి రంగులద్దాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఎండిన బోరు పక్కన కూలబడిన రైతును కొనుక్కుని, సోఫా రంగుకు సరిపోయిందని హాలులో తగిలించుకునేవారు ఉన్నారు, నేను చూశాను. అది చిత్రకారుని తప్పు కాకపోవచ్చు గానీ, అటువంటి చూపుకు తన బొమ్మ ఎంత వీలు ఇస్తున్నదో ఆయన కూడా ఆలోచించుకోవాలి.

జవాబు: బీడీ కార్మికురాలి కుమార్తె

మా అమ్మ పాతికేళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని, నానిన ఆకును కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది. వెయ్యి బీడీల లెక్కన కూలి. బాగా లేవని తీసి పారేసిన వాటికి పైసా రాదు. తంబాకు ఘాటుకు ఇల్లంతా దగ్గేవాళ్లం. అయినా మా అమ్మ బూడిదరంగు మనిషి కాదు. ఎర్రంచు పచ్చచీర, చేతినిండా గాజులు లేకుండా ఆమెను నేను ఊహించలేను. పేదవాళ్లను వెలిసిపోయినట్టు గీస్తేనే నిజాయితీ అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఒక్క విషయం మాత్రం అడగాలని ఉంది. బీడీలకు వాడే తునికాకు కోసిన తరువాత ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, నీళ్లలో నానబెట్టినా చిలకపచ్చ రాదు. ఆ సంగతి ఈ ప్రాంతపు చిత్రకారునికి తెలియకుండా ఉండదు. వీలైతే ఆయననే అడిగి చెప్పండి.

ప్రశ్న వేసిన పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మళ్లీ వెళ్లి, మాస్టారు చెప్పినట్టే అవతలి గోడ దగ్గరి నుంచి చూసి, తరువాత మెల్లగా దగ్గరికి వచ్చాము. బీడీల బొమ్మ ముందు మా అమ్మాయి, "నాన్నా, ఆకుల్లో పాప ఉంది" అంది. నిజమే. ఆకుల కుప్పకు ఆనుకుని ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకతి తల వంచుకుని బీడీల మొనలు మూస్తోంది; ఆమె గౌను కూడా అదే చిలకపచ్చ. మొదటిసారి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడిన నాకు ఆ పిల్ల కనిపించనే లేదు.

ఆకులకు ఆ రంగు ఎందుకు వేశారని చిత్రకారుణ్ణి అడిగాను. ఆ పాపను ఎన్నోసారి చూసినప్పుడు గమనించారని ఆయన నన్ను తిరిగి అడిగారు. రెండోసారి, అదీ మా అమ్మాయి చూపిస్తే, అని చెప్పాను.